క్రొత్త రివాల్వరు కొనదగునా?

2023వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన కాన్పూరులోని ప్రభుత్వరంగ ఆయుధసంస్థవారు ‘ప్రబల్’ అను పేర నొక క్రొత్త రివాల్వరును విడుదల చేసిరి. ఏబది మీటర్ల దూరముననున్న లక్ష్యమును సైతము అది ఛేదింపగలదనియు, దేశమున తయారైన రివాల్వరులలో నింతదూరము పోగలది మరియొకటి లేదనియు చాటిచెప్పుటచే ఆ వార్త పత్రికల మూలమున అన్ని జిల్లాలకును ప్రాకినది. నెల్లూరుజిల్లా పడమటి మెట్టకును ప్రాకినది. బీరువాలో పాత రివాల్వరును తాళము వేసి దాచుకొనియున్న ఆసాములు ఇద్దరు ఆత్మకూరు బస్టాండు చెంత టీకొట్టుకడ కలిసికొన్నచో, “ఏందన్నా, కాన్పూరుది కొత్తది వచ్చిందంట గదా! మన పాతది ఇచ్చేసి దాన్ని తీసుకుందామా?” అని ఒకరి నొకరు ప్రశ్నించుకొనుట వింత కాదు.

ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని లక్షకు పైబడిన సొమ్ముతోను, కలెక్టరు కార్యాలయపు కాగితములతోను, అన్నిటిని మించి మనుష్యప్రాణముతోను ముడిపడిన వస్తువగుటచే, సెల్‌ఫోనును మార్చినంత తేలికగ దీనిని మార్చుకొనుటకు వీలులేదు. క్రొత్తదానిలో నిజముగ క్రొత్తది ఏది, ఆ క్రొత్తదనము ఎవరికి పనికివచ్చును, ఎవరికి పనికిరాదు అను విషయములను ఒక్కొక్కటిగ విచారించి చూచినగాని సమాధానము దొరకదు.

మన బజారు తీరు

ఈ విషయమున మనదేశపు కొనుగోలుదారుని స్థితి అమెరికా కొనుగోలుదారుని స్థితివంటిది కాదు. అచ్చట ఏటేట లెక్కకు మిక్కిలిగ నమూనాలు దుకాణములకు వచ్చును. నచ్చినదానిని కొని, నచ్చనిదానిని మరుసటి నెలలోనే అమ్మివేయువారును కలరు. మనదేశమున 1878లో, లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగ నున్న కాలమున, ఆంగ్లప్రభుత్వము ఆయుధముల చట్టమును చేసి భారతీయుని చేతినుండి తుపాకిని తొలగించినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1959లో చేయబడి, 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన చట్టము పాత చట్టమును రద్దుచేసినను, అనుమతిలేనిదే తుపాకి ఉంచుకొనరాదను మూలనియమమును మాత్రము సడలింపలేదు.

అనుమతి పొందినవానికైనను ఎంపికకు చోటు స్వల్పము. పోలీసులును సైనికులును వాడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు, .38 రివాల్వరు మొదలగువాటిని ‘నిషిద్ధ బోరు’ అందురు. వాటికి అనుమతి కేంద్ర హోంశాఖనుండి రావలెను. జిల్లా కలెక్టరు ఇచ్చు లైసెన్సుపై సామాన్యునికి లభించు చేతితుపాకులలో ముఖ్యమైనవి .32, .22 బోరులవి. విదేశములనుండి వ్యక్తులు తుపాకులు తెప్పించుకొనుట 1980ల నడుమనుండి నిలిచిపోయినందున, అంతకు పూర్వము దిగిన వెబ్లీలు, కోల్టులు, బ్రౌనింగులు చేతులు మారుచు, తమ పుట్టినింటి ధరకు ఎన్నోరెట్లు పలుకుచు వచ్చినవి.

మిగిలినది స్వదేశపు సరకు. వెబ్లీ రివాల్వరును ఒరవడిగ గైకొని కాన్పూరు ఆయుధకర్మాగారము చేసిన .32 రివాల్వరు అన్నిటికంటె సుపరిచితమైనది. 2012 డిసెంబరునాటి ఢిల్లీ సామూహిక అత్యాచార దుర్ఘటన పిమ్మట స్త్రీలను ఉద్దేశించి 2014లో వెలువరించిన ‘నిర్భీక్’ అర కిలో బరువునకు దించిన టైటానియం మిశ్రమలోహపు .32 రివాల్వరు. దాని ధర లక్షా ఇరువదిరెండు వేల రూపాయలు దాటుటచే, స్త్రీలలో ఎందరు దానిని కొనగలరని ఆనాడే పలువురు ప్రశ్నించిరి. ‘నిడర్’ అను .22 రివాల్వరు అంతకంటెను తేలిక. ‘అశని’ అను .32 పిస్తోలు మరియొకటి. ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతోనే రివాల్వరులు తయారగుచున్నవి. ఇక మన ‘ప్రబల్’ను చేసినది, 2021 అక్టోబరు 1వ తేదీన పాత ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగ విభజించినపుడు పుట్టిన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అను సంస్థ.

ఇంకొక సంగతి యున్నది. 1983 సవరణనాటినుండి ఒక్కొక్కరు మూడు తుపాకులవరకు ఉంచుకొనవచ్చునను పరిమితి ఉండగా, 2019 డిసెంబరులో దానిని రెండింటికి తగ్గించిరి. బ్యాంకు కాపలాకో తోట కాపలాకో ఒక డబుల్ బ్యారెల్ తుపాకియు, స్వరక్షణకొక రివాల్వరును గలవానికి ఈ నియమముతో గడి నిండిపోయినది. అట్టివానికి క్రొత్తది కొనుట యనగా పాతదానిని వదలుకొనుటయే. కనుక అతడు అడుగవలసిన ప్రశ్న ‘క్రొత్తది మంచిదా’ అని కాదు; ‘నా చేతిలోనున్నదానికంటె ఎంత మంచిది’ అని.

క్రొత్తది అనబడు పాతది

పాత కాన్పూరు రివాల్వరును తెరచి చూచినవారికి దాని తీరు తెలియును. బ్రొటనవ్రేలితో వెనుకనున్న గొళ్లెమును నొక్కి బ్యారెలును క్రిందికి వంచినచో తుపాకి నడుమనున్న కీలుకడ రెండుగ వంగును. వంగుచుండగనే సిలిండరు మధ్యనుండి నక్షత్రమువంటి చిన్న బిళ్ల పైకి లేచి, ఆరు ఖాళీ తొడుగులను ఒక్కుమ్మడి వెలుపలికి నెట్టివేసి, టక్కుమని తన చోటికి తాను దిగిపోవును. చూచుటకు ముచ్చటైన పని. 1887లో ఆంగ్లసైన్యము స్వీకరించిన వెబ్లీ రివాల్వరు ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది.

దీనియందు లోపము లేకపోలేదు. తూటా ప్రేలినపుడెల్ల బ్యారెలును ఫ్రేమునుండి విడదీయజూచు ఒత్తిడి నంతను ఆ గొళ్లెమును, ఆ కీలును మోయవలెను. ఏండ్లు గడచినకొలది అవి అరిగి, బ్యారెలు కొద్దిగ ఊగులాడును. ఊగులాడిన బ్యారెలుతో గురి నిలువదు. ప్రబల్‌లో ఫ్రేము వంగదు. సిలిండరు పైగాకూడ లోహపు కమ్మి సాగి, ముందువెనుకల నొకటిగ బంధించి ఉండును. మీటను కదల్చినచో సిలిండరు మాత్రము ఎడమప్రక్కకు తొలగి తూటాలకు దారి యిచ్చును. ప్రేలుడు భారము కీలుమీద పడక నిండు ఫ్రేముమీద పడుటచే ఇట్టి తుపాకి చిరకాలము బిగువు చెడక నిలుచును. ఈ రివాల్వరునకు గర్వింపదగిన గుణ మిదియే.

అయినను దీనిని క్రొత్తది యనుట మన బజారునుబట్టియే చెల్లును. ప్రక్కకు తొలగు సిలిండరుగల రివాల్వరును అమెరికాలో కోల్టు కంపెనీ 1889లోనే తెచ్చినది. మన .32 రివాల్వరులలో వాడు లాంగ్ తూటా సైతము 1896లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు తమ ప్రక్కతెరపు రివాల్వరుతోపాటు పుట్టించినదే. అనగా ఆ తూటాయు ఆ యంత్రమును జంటగ పుట్టినవి. మనదేశమున నూరేండ్లకు పైగా విడిపోయియుండి ఇప్పుడు కలిసికొన్నవి. ఇది ఆక్షేపణ కాదు. యంత్రములలో నూరేండ్లు పరీక్షకు నిలిచిన పద్ధతి నిన్న పుట్టిన పద్ధతికంటె నమ్మదగినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. .32 అను అంకె ఒకటేయైనను రివాల్వరు తూటా వేరు, పిస్తోలు తూటా వేరు. రివాల్వరు తూటాకు అడుగున అంచు వెడల్పుగ నుండి సిలిండరులో జారిపోకుండ పట్టుకొనును. పిస్తోలు తూటా పొట్టిది, దాని అంచు సన్ననిది, మ్యాగజైనులో ఒకదానిపై నొకటి దొంతిగ నుండుటకు తగినది. పాత రివాల్వరునుండి ప్రబల్‌కు మారువాడు తన తూటాలను మార్చుకొన నక్కరలేదు. అశని పిస్తోలునకు మారువాడు మార్చుకొనక తప్పదు.

ఏబది మీటర్ల మాట

ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనబడినది ఫ్రేము బిగువు కాదు. ఏబది మీటర్ల దూరము. కొనుగోలుదారుని మనస్సును లాగునదియు అదియే. కావున ఆ అంకెను కొంచెము తరచి చూతము.

ప్రబల్ బ్యారెలు పొడవు 76 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళములు; మొత్తము పొడవు 177.6 మిల్లీమీటర్లు, తూటాలు లేని బరువు 700 గ్రాములు. గురి చూచుటకు తుపాకిపై ముందొకటి వెనుకనొకటి రెండు గుర్తులుండును. ఇంత పొట్టి తుపాకిపై ఆ రెండింటి నడిమి దూరము పండ్రెండు సెంటీమీటర్లని అనుకొందము. కాల్చువాని చేయి వణకియో, ట్రిగ్గరును విసురుగ లాగుటచేతనో, ముందరి గుర్తు రెండు మిల్లీమీటర్లు మాత్రము ప్రక్కకు జరిగినదనుకొందము. ఐదు మీటర్ల దూరమున తూటా గురినుండి సుమారు ఎనిమిది సెంటీమీటర్లు తప్పును; అది పెద్ద దోషము కాదు. అదే చేయి, అదే వణకు, ఏబది మీటర్ల దూరమున సుమారు 83 సెంటీమీటర్లు తప్పించును. మనుష్యుని భుజముల వెడల్పు అందులో సుమారు సగమే. తప్పిన తూటా ఆగిపోదు. వెనుక ఎవరున్నారో విచారింపదు. గురిపెట్టినవాడు తప్పించుకొని, దారిన పోవువాడు బలియగుట కిది చాలును.

తుపాకి ఏబది మీటర్లు కొట్టగలదనుట ఒకటి, పట్టినవాడు ఏబది మీటర్లు కొట్టగలడనుట మరియొకటి. హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలు జట్టు పోటీయందు స్వర్ణపతకమును, వ్యక్తిగత పోటీయందు రజతపతకమును గెలిచినది. ఆమె కాల్చిన దూరము 25 మీటర్లు. చేతనున్నది పోటీకై ప్రత్యేకముగ చేసిన .22 పిస్తోలు, వెనుకనున్నది బాల్యమునుండి చేసిన నిత్యసాధన. అందులో రెట్టింపు దూరమును, మూడంగుళముల బ్యారెలుతో, ఏడాదికొక్కమారైనను కాల్చి చూడని ఆసామి సాధించునని నమ్ముట ఆశయే కాని లెక్క కాదు.

చట్టమును ఈ అంకెకు చేదోడు కాదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత స్వరక్షణహక్కును గుర్తించినది. కాని అవసరమునకు మించిన హాని చేయరాదనియు, అధికారుల నాశ్రయించుటకు వ్యవధియున్నపుడు ఆ హక్కు చెల్లదనియు పాత శిక్షాస్మృతివలెనే శాసించుచున్నది. ఐదారడుగుల చేరువలో కత్తి యెత్తినవానిని కాల్చిన మనుష్యుడు న్యాయస్థానమున చెప్పుకొనుటకు ఒక మాట ఉండును. ఏబది మీటర్ల అవతలనున్నవానిని కాల్చినవాడు, ఆ మనుష్యుడు తనమీదికి వచ్చుచుండెనో, తననుండి పోవుచుండెనో రుజువు చేసికొనవలసి వచ్చును. స్వరక్షణకై కొనువానికి, ప్రకటనలోని ఆ గొప్ప గుణము వాడరాని గుణముగ పరిణమించుచున్నది.

చేతికి కుదురుట

తుపాకి మేలు అంకెలకంటె చేతిలోనే హెచ్చుగ తెలియును. ఈ మెట్టలోని ఉదయగిరిలో నర్ది, బిక్కి వంటి కొండచెక్కలతో గరిటెలు, చెంచాలు చేయు పనివాండ్రు కాడను నునుపు చేయునపుడు మాటిమాటికి పట్టి చూచుకొనుచుందురు; కంటికి అందముగ కనబడిన కాడ చేతికి వెగటైనచో వంటింట అది మూలపడునని వారెరుగుదురు. రివాల్వరు పిడియు నంతే. అరచేయి పెద్దదైనవానికి చిన్న పిడిలో చిటికెనవ్రేలు గాలిలో వ్రేలాడును. వ్రేళ్లు పొట్టివానికి పెద్ద పిడిలో చూపుడువ్రేలు ట్రిగ్గరును కొసతో మాత్రమే అందుకొనును. ఈ రెండింటను గురి ప్రక్కకు పోవును.

ట్రిగ్గరు సంగతి ఇంకను ముఖ్యము. రివాల్వరును రెండు విధముల కాల్చవచ్చును. హామరును బ్రొటనవ్రేలితో వెనుకకు లాగి నిలిపి, పిమ్మట ట్రిగ్గరును మీటుట ఒక విధము. అప్పుడది తేలికగ కదలును, గురి నిలుచును. ట్రిగ్గరు నొక్కదానినే పొడుగున లాగి హామరును లేపి విడిచిపెట్టుట రెండవ విధము. అప్పుడది బరువుగ నుండును, ఆ బరువునకు బ్యారెలు ప్రక్కకు ఈడ్చుకొనిపోవును. ఆపత్కాలమున మనుష్యుడు వాడునది సాధారణముగ రెండవ విధమే. అందుచే దుకాణమున పరీక్షింపవలసినదియు రెండవ విధమే. హామరు లేపి చూచి ‘వెన్నపూసవలె నున్నది’ అని మురిసిపోయి డబ్బు కట్టుట పొరపాటు. బరువు విషయమునను ఇట్టి విచారణయే చేయవలెను. అర కిలో నిర్భీక్ మోయుటకు హాయి; 700 గ్రాముల ప్రబల్ కాల్చుటకు హాయి. బరువైన తుపాకి ప్రేలినపుడు తక్కువ ఎగురును.

క్రొత్తదైనను పాతదైనను డీలరుకడ చూడదగిన పరీక్షలు కొన్ని కలవు. మొదట సిలిండరు తెరచి ఖాళీగ నున్నదని కంటితోను వ్రేలితోను రూఢి చేసికొనవలెను; తక్కినవన్నియు దాని పిమ్మట. హామరును మెల్లగ పూర్తిగ లేపినపుడు సిలిండరు కదలక తాళము పడినట్లు నిలువవలెను. ఒక్కొక్క గదికి ఈ పరీక్ష చేయవలెను. బ్యారెలు వెనుక అంచునకు సిలిండరునకు నడుమ సందు సన్నగ, అన్ని గదులకడను సమముగ ఉండవలెను. బ్యారెలులోనికి వెలుతురు పంపి చూచినచో గాడులు వాడిగ, త్రుప్పు లేక మెరయవలెను. పాత మడత రివాల్వరైనచో మూసినపిమ్మట బ్యారెలును పైకిని క్రిందికిని కదల్చి చూడవలెను. అందులో ఆట లేకున్నచో, ఆ గొళ్లెము ఇంకను తన పని తాను చేయుచున్నచో, ఆ తుపాకికి వృద్ధాప్యము రాలేదనియే చెప్పవచ్చును.

మొదటి విడత సరకు

క్రొత్త నమూనాను వెలువడిన నాడే కొనవచ్చునా యను ప్రశ్నకు ఇతరదేశముల అనుభవము కొంత వెలుగు చూపును. 2017 జనవరిలో అమెరికాసైన్యము సిగ్ సావర్ కంపెనీవారి పి320 పిస్తోలు ఆధారముగ చేసిన నమూనాను స్వీకరించినది. అదే సంవత్సరము ఆగస్టులో, పౌరులకు అమ్మిన పి320 పిస్తోళ్లు ఒక ప్రత్యేకకోణమున నేలపై పడినచో ట్రిగ్గరును తాకకయే ప్రేలుచున్నవని పరీక్షించినవారు చూపుటచే, లోపలి భాగములను ఉచితముగ మార్చి ఇచ్చెదమని కంపెనీ ప్రకటింపవలసివచ్చినది. సైన్యపు ఎంపిక పొందిన నమూనాకు కవల వంటి వస్తువునకే ఇట్లు జరిగినది. కర్మాగారపు పరీక్షలకు దొరకని లోపము వేలమంది చేతులలో, వేల విధముల వాడుకలో దొరకును.

దీనికి మరుప్రక్కయు కలదు. 1911 మార్చిలో కోల్టు పిస్తోలును అమెరికాసైన్యము పరీక్షించినపుడు ఆరువేల తూటాలను వరుసగ కాల్చిరనియు, కాలిపోవుచున్న తుపాకిని నీటిలో ముంచి చల్లార్చుచు సాగించిరనియు, ఒక్కమారైనను అది మొరాయింపలేదనియు చెప్పుదురు. అట్లు గెలిచిన నమూనా 1985దాకా ఆ సైన్యమున అధికారికముగ నిలిచినది. 1982లో ఆస్ట్రియాసైన్యము స్వీకరించిన గ్లాక్ పిస్తోలును చేసిన గాస్టన్ గ్లాక్ అంతకుపూర్వము తుపాకి చేసినవాడే కాడు. ప్లాస్టిక్ ఫ్రేమును చూచి నవ్వినవారి దేశముల పోలీసులే తరువాత దానిని కొనిరి. క్రొత్తది కావుటచేత ఏ ఆయుధమును చెడ్డది కాదు, పాతది కావుటచేత మంచిదియు కాదు. పరీక్షకు నిలిచినదా లేదా యనునదే ప్రశ్న. ప్రబల్ వెలువడి రెండేండ్లు దాటినది గనుక, దానిని కొనదలచినవాడు మొదటి విడత కొనినవారిలో ఒకరిద్దరిని వెదకి, ఎన్ని తూటాలు కాల్చిరి, ఎన్నిసార్లు మొరాయించినది, విడిభాగము కావలసినపుడు ఎన్నాళ్లకు వచ్చినది అని అడిగి తెలిసికొనుట ఉత్తమము. కాల్చకుండ బీరువాలో పెట్టినవాని పొగడ్తకు విలువ లేదు.

ధరయు కాగితములును

విడుదలనాడు ప్రబల్ ధర పన్నులు గాక సుమారు లక్షా నలుబదివేల రూపాయలని పత్రికలు వ్రాసినవి. రివాల్వరులపైనను పిస్తోళ్లపైనను జీఎస్టీ 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి 28 శాతము పోయి 40 శాతమైనది. ఆ ధరమీదనే లెక్కించినను పన్నే ఏబదియారువేలగును. పాతదానిని అమ్మి ఈ సొమ్ములో కొంత పూడ్చుకొందమనుకొన్నచో దానికిని నియమము కలదు: లైసెన్సు గల మరియొకనికి అమ్మదలచినవాడు ఆ ఉద్దేశమును జిల్లా మేజిస్ట్రేటునకో సమీప పోలీసుస్టేషను అధికారికో వ్రాతపూర్వకముగ తెలిపి, నలుబదియైదు దినములు గడచినపిమ్మటనే అప్పగింపవలెను. క్రొత్తదాని నంబరును లైసెన్సుపై నెక్కించుకొనుటకు తిరుగుడు వేరు. ఉదయగిరినుండి నెల్లూరు కలెక్టరు కార్యాలయమునకు సుమారు వంద కిలోమీటర్లు. బస్సెక్కి దిగినంతనే సంతకము దొరకునను హామీ లేదు.

ఇంత చేసి తెచ్చుకొన్నదానిని ఎల్లకాలము ఇంటనే ఉంచుకొందుమనుటకును వీలులేదు. ఎన్నికల ప్రకటన వెలువడినతోడనే, అధికారులు ఆదేశించిన లైసెన్సుదారులు తమ తుపాకులను స్టేషనులో అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. ఫలితములు వచ్చిన వారమునకుగాని అవి తిరిగి రావు. ఆత్మకూరు నియోజకవర్గము 2022 జూన్ 23న ఉపయెన్నికను, 2024 మే 13న సాధారణ ఎన్నికను, రెండేండ్ల లోపలనే రెండింటిని చూచినది. నంబరు చీటి కట్టించుకొని స్టేషను గదిలో ఇతరుల తుపాకుల నడుమ నిలుచునప్పుడు క్రొత్తదానికిని పాతదానికిని భేదము లేదు. ఊరేగింపులలోను పెండ్లిండ్లలోను సరదాకు గాలిలోనికి కాల్చుట 2019 సవరణ తరువాత రెండేండ్ల జైలునకో, లక్షరూపాయల జరిమానాకో, రెండింటికో దారితీయు నేరము. క్రొత్త తుపాకిని పదిమందికి చూపవలెనను ఉబలాటము కలవారు ఈ సంగతిని మరువరాదు.

మెట్టరైతు ప్రశ్న

పడమటి మెట్టలో తుపాకిమాట వచ్చినపుడు అడవిపందిమాట రాక మానదు. వెలిగొండల అంచున వేరుసెనగ వేసినవాడు రాత్రి పంది మంద దిగినచో తెల్లవారునప్పటికి చేను దున్నినట్లుండుట చూచినవాడే. అట్టివాడు “రివాల్వరుంటే పందులు రావు గదయ్యా?” అని అడిగినచో, రావను సమాధానము చెప్పుట మోసము. .32 తూటా అడవిపంది వంటి బలిష్ఠమైన జంతువునకు చాలదు; చీకటిలో ఆ దూరమున తగులదు; గాయపడిన పంది ఎదురు తిరుగును. పైగా అనుమతిలేక దానిని చంపుట 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము నేరము. పంటరక్షణకై చట్టము తలచినది చేతితుపాకిని కాదు. నిజమైన పంటరక్షణకు నోటినుండి మందు కూరు తుపాకికిని, స్వరక్షణకును క్రీడకును ఇరువదంగుళములకు తగ్గని నున్నని బ్యారెలుగల తుపాకికిని లైసెన్సు ఇయ్యవలెనని 1959 చట్టము పదమూడవ విభాగము చెప్పుచున్నది. ఇది తెలియకయో, తిరుగలేకయో, లైసెన్సు లేని నాటుతుపాకిని దాచుకొన్నవానికి రెండేండ్లకు తగ్గని జైలుశిక్ష కాచుకొనియున్నది. పందికై రివాల్వరు కొనదలచిన రైతు ఆ సొమ్మును కంచెకు పెట్టుట మేలు. ఆ కంచెకు కరెంటు తీగ తగిలించుట మాత్రము తుపాకికంటె ప్రమాదము.

సాధన లేని సరకు

ఈ ప్రాంతమువారికి ఒక చరిత్ర తెలియును. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును ముట్టడించినపుడు అది లొంగుటకు ఏడాదిన్నర పట్టినది. పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ వ్రాసినదానినిబట్టి, రాయలు బండలు పగులగొట్టించి, కొండలలో బాటలు వేయించి, బురుజులదాకా సేనకు దారి చేసికొనెను. 1514లో కోట దక్కినది. అచ్చటి బాలకృష్ణుని విగ్రహము హంపికి చేరి 1515లో ప్రతిష్ఠితమైనది. ఆ విజయమున క్రొత్త ఆయుధముకంటె బాట వేసిన కూలివాని గునపమునకు, ఏడాదిన్నర చెదరని పట్టుదలకు పాలు హెచ్చు.

లైసెన్సు కోరువారు ఆయుధభద్రతాశిక్షణ పొందిన ధ్రువపత్రమును చూపవలెనని 2016 నియమావళి విధించుట, ఆయుధముకంటె సాధన ముఖ్యమను సత్యమును గుర్తించియే. కాని ఒకమారు పొందిన పత్రము చేతికి సాధన కాదు. మార్పిడికి పట్టు సొమ్ములో ఐదవవంతును తూటాలకును, అనుమతిగల ఫైరింగ్ రేంజికి పోయివచ్చుటకును, శిక్షకునికి ఇచ్చుటకును ఖర్చు చేసి, తన పాత రివాల్వరుతోనే ఐదు మీటర్లు, ఏడు మీటర్ల దూరములలో ఒక ఏడాది శ్రద్ధగ కాల్చినవాడు, క్రొత్త ప్రబల్‌ను కొని ప్లాస్టిక్ సంచి విప్పకుండ దాచినవానికంటె ఆపదలో నెక్కువ భద్రముగ నుండును. అట్లు సాధన చేసినవానికే, తన పాత తుపాకిలో నిజమైన లోపమేదో, క్రొత్తదానిలో తనకు పనికివచ్చు గుణమేదో చెప్పగల అధికారము వచ్చును.

కావున తీర్పు ముగ్గురికి మూడు విధములు. బిగువు చెడని పాత కాన్పూరు రివాల్వరుగాని, గొళ్లెము గట్టిగనున్న వెబ్లీగాని కలవాడు దానిని మార్చుకొననక్కరలేదు; ఏబది మీటర్ల ఆశతో మార్చుకొనుట బొత్తిగ తగదు. బ్యారెలు ఊగులాడుచు, సిలిండరు నిలువక, మరమ్మతునకు లొంగని పాతది కలవాడును, తగిన కారణముతో క్రొత్తగ లైసెన్సు పొందినవాడును, ప్రక్కతెరపు సిలిండరును నిండు ఫ్రేమును చూచి ప్రబల్‌ను ఎంచుకొనవచ్చును. కాని పిడి తన చేతికి కుదిరినదని, ట్రిగ్గరు తన వ్రేలికి లొంగినదని చూచుకొన్న పిమ్మటనే. పందులకో, పరువునకో, ఊరిలో నలుగురు చూచి జంకుటకో కొనదలచినవాడు, పాతదిగాని క్రొత్తదిగాని, ఏ రివాల్వరును కొనరాదు.